కుక్కపిల్ల వచ్చిన నెల ఇల్లు చప్పగా ఉండాలి

కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంట్లో మొదటి నెల ఏ విశేషమూ జరగకూడదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. రోజూ అదే వేళకు తిండి, అదే మూలన పడక, అవే నాలుగు మొహాలు, అదే వాకిలి. పక్కింటి పిల్లల్ని పిలిచి చూపించడాలు వద్దు, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫోటోలు వద్దు, చెయ్యి ఇవ్వడం నేర్పడాలు వద్దు. ప్రేమగా చూసుకుందామనే కదా తెచ్చుకున్నాం, ఇట్లా దూరంగా ఉంటే ఎట్లా అని అడుగుతారు. ఆ ప్రేమను ఒక్క నెల పాటు చేతుల్లోకి రానివ్వకుండా ఆపుకోమంటున్నాను, అంతే.

మా వీధిలో, ఆఫీసులో తెలిసినవాళ్లు కుక్కను తెచ్చుకుని వారం తిరక్కముందే ఫోన్ చేస్తారు. ‘అక్కా, ఇది మంచం కింద నుంచి బయటికి రానంటాది.’ ‘తిండి ముట్టదు.’ ‘రాత్రంతా ఏడుస్తా ఉంది, ఓనరు తిడతా ఉండాడు.’ ‘ఎత్తుకోబోతే గుర్రుమంటాది, మా పాప భయపడింది.’ చివరికి వచ్చే మాట ఒకటే: ఇది మాకు సరిపడే కుక్క కాదు, ఎక్కడ తెచ్చామో అక్కడే వదిలేస్తాం. వారం రోజుల్లో ఒక ప్రాణి గురించి ఈ తీర్పు ఎట్లా ఇస్తారో నాకు అర్థం కాదు. ఆ వారంలో వాళ్లు చూసింది ఆ కుక్క గుణాన్ని కాదు, దాని భయాన్ని. భయం తగ్గాక మిగిలే కుక్క ఎట్లా ఉంటుందో వాళ్లింకా చూడనే లేదు.

మా చిట్టి తిరుచానూరు రోడ్డులో ఒక టిఫిన్ బండి పక్కన పెరిగిన ఆడ కుక్కపిల్ల. తెచ్చినప్పుడు డాక్టరు దాని నోరు తెరిచి చూసి, ముందు పళ్లు మారుతున్నాయి కాబట్టి నాలుగు నెలలు ఉండొచ్చన్నారు. బండి కింద నీడ, తల్లి, ఇద్దరు తోబుట్టువులు, రాలిన దోసె ముక్కలు, పొద్దున నాలుగింటికి వెలిగే స్టవ్వు చప్పుడు: దాని లోకమంతా అదే. ఆటో గుద్ది తల్లి చనిపోయాక పిల్లల్ని తలా ఒకదాన్ని తీసుకున్నాం. ఎండ నుంచి, బండ్ల నుంచి కాపాడామని మనకు తృప్తి. దాని వైపు నుంచి చూస్తే తెలిసిన వాసనలు, తెలిసిన ఒళ్లు, తెలిసిన నేల అన్నీ ఒక్క పూటలో పోయాయి. మనం ఇచ్చిన మెత్తటి దుప్పటి దానికి ఏ వాసనా తెలియని ఒక వస్తువు మాత్రమే.

ఆశ్రయ కేంద్రాల్లో కొత్తగా చేరిన కుక్కల మీద జరిగిన పరిశోధనల్లో, మొదటి మూడు రోజులూ వాటి ఒంట్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్, ఇళ్లలో స్థిరపడిన కుక్కల కన్నా చాలా ఎక్కువగా ఉంటుందని తేలింది. చోటు మారిన భయం ఒంట్లో కొలవగలిగినంత గట్టిగా ఉంటుందన్నమాట. కుక్కల్ని ఇళ్లకు ఇచ్చే సంస్థల వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మూడు రోజులకు భయం కాస్త దిగుతుంది, మూడు వారాలకు ఇంటి వరస తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అన్న ధీమా వస్తుంది. ఇది సుమారు లెక్కే, ప్రతి కుక్కకూ ఇట్లాగే జరగాలని లేదు. కానీ వారంలో తేల్చేసే వాళ్ల లెక్క కన్నా ఇది నిజానికి ఎంతో దగ్గర.

ఈ మూడు వారాల దగ్గరే ఇంకో చిక్కు ఉంది. మొదటి రోజుల్లో కుక్క ముడుచుకుని కూర్చుంటే ‘ఎంత బుద్ధిమంతురాలో, నోరే ఎత్తదు’ అని మెచ్చుకుంటారు. మూడో వారం నుంచి అది చెప్పులు కొరుకుతుంది, గేటు దగ్గర మొరుగుతుంది, చీర కొంగు పట్టి లాగుతుంది. ‘గారాబం చేస్తే చెడిపోయింది’ అని అప్పుడు కర్ర తీస్తారు. నిజానికి అది కుదురుకోవడం మొదలైంది అప్పుడే. భయపడే కుక్క ఆడుకోదు. పైగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వస్తాయి, చిగుళ్ల సలపరానికి ఏదో ఒకటి నమలకుండా ఉండలేదు. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన పాత తువ్వాలు ముడేసి ఇస్తే గంటసేపు దాంతోనే ఉంటుంది. చెప్పులు అల్మారాలో పెట్టుకోవడం మన పని.

ఇక మా ఊరు తిరుపతి సంగతికి వస్తాను. ఇల్లు చప్పగా ఉంచడం వేరే ఊళ్లలో తేలిక కావచ్చు, ఇక్కడ మాత్రం కష్టం. ఈ ఊళ్లో ఇల్లున్న ప్రతివాళ్లకూ కొండకు వచ్చే చుట్టాలుంటారు. మావారి వైపు నెల్లూరు నుంచి, మా వైపు అనంతపురం నుంచి, ఆ రెండూ కాకపోతే ఎవరో స్నేహితుల స్నేహితులు. తెల్లారుజామున మూడింటికి రైలు దిగి బ్యాగులతో వస్తారు, స్నానాలు చేసి కొండెక్కుతారు, మర్నాడు రాత్రి దిగొచ్చి హాలంతా చాపలు పరుచుకుని పడుకుంటారు. వాళ్లు రావడం మాకు సంతోషం, అందులో దాపరికం లేదు. కానీ ఆ హాల్లో కొత్తగా వచ్చిన కుక్కపిల్లకు పట్టే నిద్ర రేణిగుంట ప్లాట్‌ఫారం మీద పడుకున్న మనిషికి పట్టే నిద్రలాంటిదే. ఆ వయసు పిల్ల రోజులో పదిహేను గంటల పైన నిద్రపోవాలి, ఇంకా చిన్నవైతే పద్దెనిమిది గంటలు కూడా. నిద్ర చాలని కుక్కపిల్ల సాయంత్రానికి పిచ్చిగా పరుగులు తీస్తుంది, చేతులు కొరుకుతుంది. దాన్ని మనం అల్లరి అంటాం.

గుండు సంగతి ఒకటి చెప్పాలి. మా చిన్నమామ వచ్చిన సాయంత్రం చిట్టి ఆయన పాదాలు వాసన చూసి, ఫరవాలేదన్నట్టు పక్కకెళ్లి పడుకుంది. ఆయన కొండ మీద తలనీలాలిచ్చి, గుండుకు చందనం రాసుకుని మర్నాడు గడపలో అడుగు పెట్టేసరికి తోక కాళ్ల మధ్య పెట్టుకుని వెనక్కి వెనక్కి పోతూ మొరిగింది. ఇంట్లో అందరూ నవ్వారు. నాకైతే దాని మీద జాలేసింది. ఆకారం మారింది, మనిషి వాసన మీద చందనం వాసన కమ్ముకుంది. నిన్న కష్టపడి ఒకరి మీద తెచ్చుకున్న నమ్మకం ఈరోజు పనికి రాకుండా పోయింది. మామను కుర్చీలో కూర్చుని, దానివైపు చూడకుండా మామూలుగా మాట్లాడుతూ ఉండమన్నాం. గొంతు విని, చాలాసేపటికి వచ్చి మళ్లీ పాదాలే వాసన చూసింది. ఈలోగా ఎవరైనా దాన్ని పట్టి ఈడ్చుకొచ్చి ‘మామే, చూడు’ అని ఆయన ఒళ్లో కుదేసి ఉంటే కరిచి ఉండేది. అప్పుడు నేరం కుక్క మీద పడేది.

చుట్టాలతో పాటు ఇంటికి లడ్డూలు వస్తాయి. ప్రసాదం సంచులు నేల మీద, బ్యాగుల పక్కన, కుక్కపిల్ల మూతికి అందే ఎత్తులో ఉంటాయి. మూగజీవి కూడా స్వామి ప్రసాదం తినాలని భక్తితో పెట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను, పెట్టకండి. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష పచ్చిదైనా ఎండినదైనా కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. కొన్ని కుక్కలకు కొద్దిగా తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. తిన్నదని తెలిస్తే వాంతి అయ్యేదాకా చూద్దామని కూర్చోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మా ఇంట్లో ప్రసాదం వచ్చీ రాగానే దేవుని గూటి పైఅరలోకి పోతుంది. ఆ పని అత్తగారిది.

అత్తగారి గురించి ఇక్కడే చెబుతాను, ఎందుకంటే నా వాదనకు ఇంట్లో దొరికిన గట్టి సాక్ష్యం ఆవిడే. ఆవిడకు మడి, ఆచారం ఉన్నాయి. చిట్టి వచ్చిన రోజే నాతో గట్టిగా చెప్పారు.

‘పాపా, నేను దాన్ని ముట్టను, తిట్టను. వంటింటి గడప, దేవుని గూడు దాటొచ్చిందంటే మాత్రం నేను మీ ఆడబిడ్డ ఇంటికి పోతాను.’

‘రాదు అత్తా, నేను చూసుకుంటా.’

ఆవిడ మాట ప్రకారం దాన్ని ముట్టలేదు, పిలవలేదు, దానివైపు కన్నెత్తి చూడలేదు. పొద్దున కల్లాపి చల్లి ముగ్గేసుకుని, వరండాలో అదే కుర్చీలో కూర్చుని అదే వేళకు పూలు కట్టుకునేవారు. మా అబ్బాయి అటుకులు, బిస్కెట్లు పట్టుకుని దాని వెంట పడుతుంటే అది సోఫా వెనక్కి దూరేది. చివరికి చిట్టి తనంతట తాను పోయి మొట్టమొదట పడుకున్నది అత్తగారి కుర్చీ కింద. ఆవిడ ఏమీ చెయ్యలేదు కాబట్టే. భయంలో ఉన్న కుక్కకు తన జోలికి రాని మనిషి పక్కన కూర్చోవడానికి మించిన భద్రత లేదు. గడప దాటకుండా ఉండడం కూడా రెండు మూడు వారాల్లో నేర్చుకుంది: వంటింటి గుమ్మానికి అడ్డంగా చిన్న పలక పెట్టాం, ఇవతల కూర్చున్న ప్రతిసారీ ఒక గుడ్డు ముక్క పెట్టాం, ఇంట్లో అందరం ఒకే మాట మీద ఉన్నాం. ఆచారం ఉన్న ఇంట్లో కుక్క కుదరదని అనేవాళ్లకు ఇది చెబుతుంటాను. గీత ఎక్కడుందో రోజూ మార్చకుండా ఉంటే కుక్క ఆ గీతను ఎంతో బాగా పాటిస్తుంది. ఒకరు లోపలికి రానిచ్చి ఇంకొకరు తరిమితేనే దానికి దిక్కు తోచదు.

పక్కన కూర్చునేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. ఎదురుగా నిలబడి, వంగి, నడినెత్తిన చెయ్యి పెట్టబోతాం మనం. కుక్కకు అది మీదికి వచ్చినట్టే. పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి, చెయ్యి మోకాలి మీద వదిలెయ్యండి. వచ్చి వాసన చూస్తే చూడనివ్వండి. ముట్టుకోవాల్సి వస్తే మెడ కింద, ఛాతీ మీద. మూతి నాక్కోవడం, అదే పనిగా ఆవులించడం, తల పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ ‘ఇక చాలు’ అని చెప్పడమే. ఇవేవీ మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టకండి. ‘కుక్క కాటుకు చెప్పుదెబ్బ’ అన్న సామెత నోట్లో నానిన ఊళ్లలో ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అట్లాగే ఉంటుంది. ఆ తర్వాత ఏ హెచ్చరికా లేకుండా కరుస్తుంది.

దానికంటూ ఒక మూల ఉండాలి. మాకు మెట్ల కింద చోటుంది, అక్కడ గోనెసంచి మీద పాత నూలుచీర పరిచాం. ఆ మూలలో ఉన్నంతసేపు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, పిలవకూడదు, ముఖ్యంగా పిల్లలు. మొదటి రాత్రుల్లో మాత్రం ఎవరో ఒకరు దానికి కనిపించేంత దూరంలో పడుకోవడం మేలు. ఏడిస్తే అలవాటవుతుందిలే అని మిద్దె మీద వదిలేసే వాళ్లున్నారు. పగలు మిద్దె కాలిపోతుంది, కొండకు దగ్గరి పేటల్లో కోతులు దిగుతాయి, రాత్రి ఒంటరితనం. అక్కడ ఏడ్చి ఏడ్చి ఊరుకున్న కుక్క అలవాటు పడిందనుకుంటాం. అది ఆశ వదులుకుంది.

గేటుకు గొలుసు వేసి కట్టడం గురించి నాకు కోపమే ఉంది. దారిన పోయే ప్రతి మనిషీ, బండీ, కుక్కా దాని ముందు నుంచే పోతాయి, పారిపోవడానికి గొలుసు ఒప్పుకోదు, కాబట్టి అరుస్తుంది. ఆ అరుపును కాపలా అనుకుని మురుస్తాం. మన నాటు కుక్కకు కాపలా ఎవరూ నేర్పక్కర్లేదు. ఇల్లు తనదన్న నమ్మకం కుదిరి, ఏడాది వయసుకు దగ్గర పడ్డాక కొత్తవాళ్లు వస్తే అదే చెబుతుంది. పైగా అలిపిరి, జీవకోన, యూనివర్సిటీల వైపు ఉండేవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. శేషాచలం అంచున చిరుతలు తిరుగుతాయి. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పాపను చంపిన ఘోరం ఈ ఊరు మర్చిపోలేదు, విశ్వవిద్యాలయాల ఆవరణల్లోకి కూడా చిరుతలు వచ్చిన సందర్భాలున్నాయి. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం, కట్టేసిన కుక్క ఇంకా సులువైన ఆహారం. రాత్రి కుక్క ఇంటి లోపలే ఉండాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మొదటి వారం అది అంతకుముందు తిన్నదానికి దగ్గరగా పెట్టి, తర్వాత మెల్లగా మార్చాలి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఒట్టి పెరుగన్నంతో పిల్ల ఎదగదు. గుడ్డు, ఎముకలు తీసి ఉడికించిన కోడిమాంసం ఉండాలి. రాగి సంగటి మంచిదే, అందులో కలిపే పులుసే వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా సరే కుక్కల ఎర్రరక్తకణాలను పాడుచేస్తాయి. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. చిత్తూరు జిల్లాలో జూన్, జులై వచ్చిందంటే వీధి వీధినా తోతాపురి టెంకలే. కుక్క చీకి చీకి మింగితే టెంక పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా పోతుంది, కాబట్టి చెత్తబుట్టకు మూత పెట్టండి.

ఇంట్లో పాస్ పోసిందని మూతి దాంట్లో రుద్దే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. దానివల్ల కుక్క నేర్చుకునేది ఒకటే, మనుషుల ముందు పోయకూడదని. అప్పుడది మంచం వెనక పోస్తుంది. నాలుగు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు మహా అయితే నాలుగు గంటలు ఆపుకోగలదు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడుకున్నాక బయట ఒకే చోటికి తీసుకెళ్లి, అక్కడ పోసిన క్షణంలోనే ఒక చిన్న ముక్క పెడితే దానికి అర్థమవుతుంది. లోపల పోసిన చోట ఆ వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది, అందుకని ముందు సబ్బునీళ్లతో, తర్వాత వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవాలి.

డాక్టరు దగ్గరికి మాత్రం నెల ఆగకూడదు, ఒకటి రెండు రోజుల్లోనే పోవాలి. ఈ విషయంలో తిరుపతి వాళ్లం అదృష్టవంతులం. పశువైద్య కళాశాల 1955 నుంచీ ఇక్కడుంది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది, ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. టీకాలు పడని పిల్లను ఆసుపత్రి నేల మీద దించకండి, చేతుల్లోనో అట్టపెట్టెలోనో ఉంచి, పిలిచేదాకా బయట చెట్టు కింద ఆగండి. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. సోకిన వారం రోజుల్లోపే వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలై, వైద్యం అందకపోతే చిన్న కుక్కపిల్లలు నిలవవు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వెయ్యాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం తప్పకుండా. నులిపురుగుల మందు, పిడుదుల మందు కూడా ఆ రోజే అడగండి. చెవుల్లో, వేళ్ల సందుల్లో ఉండే ఆ పిడుదులే జ్వరాలను మోసుకొస్తాయి. కుక్క తిండి మానేసి మూలకు చేరితే బెంగ అనుకుంటాం, ఒక్కోసారి అది పిడుదుల జ్వరం కావచ్చు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్ల విరిచి వెయ్యడం మాత్రం ఎన్నడూ చెయ్యకండి, అది కుక్కల కాలేయానికి విషం.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆటలోనే అయినా పిల్ల పన్ను దిగి నెత్తురు వచ్చిందంటే, గీరుకుందంటే, తెరుచుకున్న పుండును నాకిందంటే, ‘చిన్నపిల్లే కదా’ అని వదలకండి. వీధి నుంచి వచ్చిన పిల్ల ఒంట్లో రేబిస్ బయటపడకుండా వారాలు, నెలలు దాగి ఉండొచ్చు. వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం, ముందే టీకా వేసుకుంటే ఆపడం పూర్తిగా సాధ్యం. కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ విషయంలో అందరికన్నా కచ్చితంగా ఉండాలి. ఒక ఇంట్లో ఒక బిడ్డ పోతే ఆ వీధిలో ఏ కుక్కకూ బతుకు ఉండదు.

నా మాటకు ఎదురుచెప్పే వాళ్లలో ఒకరి వాదన మాత్రం బలమైనది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా లోకాన్ని అలవాటు చేసుకునే వయసు, ఆ రోజుల్లో చూసినవాటికి జీవితాంతం భయపడదు, అట్లాంటప్పుడు నెల రోజులు చప్పటి ఇంట్లో కూర్చోబెడితే ఆ వయసు వృథా కదా అంటారు. నిజమే, ఆ కాలం ఉంది, విలువైనది కూడా. రెండు నెలల పిల్లను తెచ్చుకున్నవాళ్లు నాలుగు రోజులు ఊరుకుని, ఆ తర్వాత రోజుకో కొత్త సంగతి చూపించాలి. అయితే చూపించడం వేరు, అందులోకి తోసెయ్యడం వేరు. టీకాలు పూర్తికాని పిల్లను చంకన పెట్టుకుని వాకిట్లో పది నిమిషాలు నిలబడితే పాలబండి, గొడుగు వేసుకున్న మనిషి, స్కూలు ఆటో అన్నీ కనిపిస్తాయి. భయపడితే రెండడుగులు వెనక్కి వేస్తాం, చాలనిపిస్తే లోపలికి వస్తాం. మిగతా రోజంతా ఇల్లు చప్పగానే ఉంటుంది. నాలుగు నెలలు దాటి వచ్చిన చిట్టి లాంటి వాటికైతే ఆ కాలం ఎట్లాగూ అయిపోయింది. వాటికి కొత్తదేదైనా ఇంకా దూరం నుంచి, ఇంకా మెల్లగా చూపించాలి.

‘ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, ఇంత తీరిక ఎక్కడిది’ అనే వాళ్లకు కూడా చెబుతాను: నేను అడుగుతున్నది ఎక్కువ చెయ్యమని కాదు, తక్కువ చెయ్యమని. మొదటి నాలుగైదు రోజులు ఒకరు సెలవు పెట్టాలి, అది తప్పదు. ఆ రోజుల్లోనే ఒక నిమిషం గది తలుపు వేసి రావడం, మర్నాడు ఐదు నిమిషాలు, తర్వాత వీధి చివరి దుకాణం దాకా, ఇట్లా విడిచిపోవడం అలవాటు చెయ్యాలి. వెళ్లేటప్పుడు బుజ్జగింపులు వద్దు, వచ్చినప్పుడు హడావుడి వద్దు. మనం పోవడం, రావడం దానికి ఒక విషయమే కాకూడదు.

మూడు నెలలు ఓపిక పట్టినా కుదరని ఇళ్లు ఉంటాయి. ఇంట్లో ఎవరికో ఉబ్బసం కావచ్చు, అద్దె ఇల్లు మారాల్సి రావచ్చు. అప్పుడు ఇంకో ఇల్లు వెతికి, అక్కడి వాళ్లకు దాని తిండి, భయాలు, టీకాల కార్డు అన్నీ అప్పజెప్పి ఇవ్వడం గౌరవమైన పని. బైపాస్ పక్కన దించేసి రావడం నేరం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలెయ్యడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రూరత్వంగానే చూస్తుంది. ఇంట్లో తినడం అలవాటైన కుక్క మళ్లీ వీధిలో బతకలేదు, ఆ వీధి కుక్కలు దాన్ని రానివ్వవు.

ఎప్పుడు తెచ్చుకోవాలన్నది కూడా ఆలోచించాల్సిందే. మే వద్దు: సెలవుల చుట్టాలు, నలభై దాటే ఎండ, దానికి తోడు గంగజాతర వారమంతా డప్పులు, వేషాలు. బ్రహ్మోత్సవాల నెల వద్దు, దీపావళికి ముందు అసలే వద్దు, వైకుంఠ ఏకాదశి రోజులూ వద్దు. మన దగ్గర వీధికుక్కలు ఎక్కువగా చలికాలంలో ఈనుతాయి, కాబట్టి ఫిబ్రవరి నాటికి రెండు నెలల పిల్లలు వీధుల్లో చాలానే ఉంటాయి, ఊరు కూడా కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఆడపిల్లల్ని అడిగేవాళ్లు తక్కువ, వాటినే అడగండి. ఆరు నెలలు దాటాక ఎప్పుడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలో డాక్టరు చెబుతారు. కొండకు ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, అంటే మన ఇంటికి ఎవరు ఎప్పుడు వస్తారో ముందే తెలుసుకోవచ్చు. ఫిబ్రవరిలో తెచ్చుకోవాలనుకుంటే నవంబరులోనే చుట్టాలకు ఒక మాట చెప్పండి, ఆ నెలకు టికెట్లు తీసుకుంటే కొండ మీదే గది కూడా చూసుకోమని.